చంటిపిల్లలు కదలాలంటే ముందు కిందకి దించండి

మా పెద్దోడు మొదటి ఆరు నెలలూ ఒళ్లోనే పెరిగాడు. విశాఖ గాజువాకలో మూడో అంతస్తు, రెండు గదుల వాటా. ఇంట్లో పెద్దవాళ్లం నలుగురం, పిల్లాడు ఒక్కడు. అమ్మ చేతిలోంచి మామ్మ చేతిలోకి, మామ్మ చేతిలోంచి తాత భుజం మీదకి, అక్కణ్ణుంచి ఉయ్యాలలోకి. ఏడిస్తే మళ్లీ ఎత్తుకోవడం. ఆరో నెలలో చూపించడానికి తీసుకెళ్తే డాక్టరుగారు ఒక్కటే అడిగారు: "రోజు మొత్తంలో నేల మీద ఎంతసేపు ఉంటాడు?" నేనూ మా ఆవిడా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. లెక్కేస్తే పది నిమిషాలు కూడా తేలలేదు. పిల్లాడికి ఏ లోపమూ లేదు. కదలడానికి వాడికి జాగా ఇవ్వలేదు, అంతే.

రెండోది పుట్టాక పద్ధతి మార్చాం. నాది షిఫ్టుల ఉద్యోగం. నైట్ షిఫ్టు దిగి వచ్చిన పొద్దుల్లో చాప పరిచి పాపని బోర్లా వేసి, దాని ఎదురుగా నేనూ బోర్లా పడుకునేవాణ్ణి. నా మొహం చూడ్డానికి అది తల ఎత్తేది. నాకు కునుకు పట్టేలా ఉంటే మాత్రం మా అమ్మని పిలిచి అప్పగించేసేవాణ్ణి, ఎందుకో కింద చెప్తాను. ఇద్దరు పిల్లలతో మేం నేర్చుకున్నది, డాక్టర్లు చెప్పింది కలిపి వరసగా రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక లెక్క చూడండి. పక్కింటి పాప ఎనిమిదో నెలకే నిలబడిందని టెన్షన్ పడే ఇళ్లు చాలా ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్, ఘనా, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని గమనించి 2006లో వివరాలు ప్రచురించింది. ఆసరా లేకుండా కూర్చోవడం దాదాపు 4 నెలల నుంచి 9 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. చేతులు, మోకాళ్ల మీద పాకడం 5 నుంచి 13న్నర నెలల మధ్య. ఎవరి సాయమూ లేకుండా నడవడం 8 నుంచి 17న్నర నెలల మధ్య. ఒక్క నడకలోనే తొమ్మిది నెలలకు పైగా తేడా! నూటికి నలుగురు పిల్లలైతే ఇలా చేతులు, మోకాళ్ల మీద పాకకుండానే లేచి నడిచేశారు. కాబట్టి పోటీ పెట్టకండి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకైతే ముందు పుట్టిన నెలలు తీసేసి లెక్కపెట్టాలి. రెండు నెలలు ముందు పుట్టిన బిడ్డకి ఆరో నెల వచ్చిందంటే, కదలికల విషయంలో నాలుగో నెల కింద లెక్క.

నేల సిద్ధం చేసుకోవడం

ఒక చాప, దాని మీద రెండు మడతలు వేసిన పాత చీరల బొంత. ఇంతకంటే ఏమీ అక్కర్లేదు. పరుపు వద్దు. మెత్తటి దాంట్లో చేతులు దిగబడిపోతాయి, నెట్టుకోవడానికి పట్టు దొరకదు. బోర్లా ఉన్న పసిబిడ్డ ముక్కు అందులో కూరుకుపోయే ప్రమాదమూ ఉంది. అక్షరాల ముక్కలు ఊడొచ్చే రంగుల ఫోమ్ మ్యాట్లు కొంటే ఆ ముక్కలు నోట్లోకి వెళ్లకుండా చూసుకోవాలి. మా ఇంట్లో 'క' ముక్క సగం కొరికేసి కనిపించింది.

విశాఖలో నేలతో రెండు చిక్కులు. ఒకటి దుమ్ము. పొద్దున్న తుడిచిన టైల్స్ మీద మధ్యాహ్నానికి అరికాళ్లు నల్లబడే ఇళ్లు మా వైపు ఉన్నాయి. బిడ్డని దించే ముందు తడిగుడ్డతో ఒకసారి తుడిచి ఆరనివ్వండి. ఫినాయిల్ వేసి తుడిస్తే పూర్తిగా ఆరాక, ఇంకోసారి మామూలు నీళ్లతో తుడవండి. చేతులు నేరుగా నోట్లోకే వెళ్తాయి కదా. రెండోది ఉక్కపోత. చెమట, నూనె కలిసి టైల్స్ మీద చెయ్యి జారుతుంది. నూనె మర్దన చేశాక అరచేతులు, మోకాళ్లు, అరికాళ్లు పొడిగుడ్డతో తుడిచి అప్పుడు దించండి. ఒంటి మీద బట్ట ఎంత తక్కువుంటే అంత మంచిది. మే నెలలో డైపర్ కూడా తీసేసి కాసేపు వదిలేయొచ్చు, తుడుచుకునే ఓపిక ఉంటే.

తర్వాత మీరు ఆ చాప మీద బోర్లా పడుకుని చుట్టూ చూడండి. బిడ్డ కంటికి ఏం కనిపిస్తుందో అప్పుడు తెలుస్తుంది: గోడ అడుగునున్న ప్లగ్గు, వేలాడుతున్న చార్జరు వైరు, టేబుల్ మీద గుడ్డ కొస, మంచం కింద దొర్లిన శనగ గింజ, రిమోట్ నుంచి ఊడిన చిన్న గుండ్రటి బ్యాటరీ. ఆ బ్యాటరీ మింగితే గంటల్లో గొంతు లోపల కాలిపోతుంది, క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి. ఇంకోటి నీళ్ల బకెట్లు. కుళాయి వచ్చే టైముకి బకెట్లు, టబ్బులు నింపి పెట్టుకోవడం మనకి అలవాటు. నిలబడటం నేర్చుకుంటున్న పిల్ల అంచు పట్టుకుని వంగి తలకిందులుగా పడితే అడుగున కొద్దిపాటి నీళ్లున్నా చాలు, ప్రాణం పోతుంది. స్నానాల గది తలుపు గడియ వేసే ఉంచండి.

దిష్టి తాళ్ల విషయం. నేల మీద ఆడే టైములో మెడలో గొలుసు, తాయెత్తు తీసేయండి, ఎక్కడైనా తగులుకుంటే మెడకి బిగుసుకుంటుంది. కాళ్ల గజ్జెలు ఉంచుకోవచ్చు. కాలు ఆడిస్తే చప్పుడొస్తుందని తెలిశాక మా చిన్నది అదే పనిగా తన్నేది. మువ్వలు వదులై ఊడుతున్నాయేమో వారానికోసారి లాగి చూడండి.

బోర్లా పడుకోబెట్టడం: మొదటి రోజుల నుంచి మూడో నెల దాకా

నిద్రకి ఎప్పుడూ వెల్లకిలా. మెలకువగా, మీ కళ్ల ముందు ఉన్నప్పుడు బోర్లా. ఈ రెండూ కలపకూడదు. నాకు కునుకొస్తే అమ్మని పిలిచేవాణ్ణి అన్నది ఇందుకే. బోర్లా ఉన్న బిడ్డ నిద్రలోకి జారితే వెంటనే వెల్లకిలా తిప్పేయాలి.

మెడ, భుజాలు, వీపు గట్టిపడేది బోర్లా ఉన్నప్పుడే. ఎప్పుడూ వెల్లకిలా పడుకునే పిల్లలకి తల వెనక ఒకవైపు చదునుగా అయిపోతుంటుంది కూడా. ఇంకా పాకని పిల్లలు మెలకువగా ఉన్నప్పుడు రోజు మొత్తం మీద కనీసం 30 నిమిషాలు ఇలా గడపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. 30 నిమిషాలు ఒక్కసారే కాదు, భయపడకండి. మొదట్లో రెండు మూడు నిమిషాలు, రోజుకి నాలుగైదు సార్లు. మేం డైపర్ మార్చిన ప్రతిసారీ అని పెట్టుకున్నాం, మర్చిపోకుండా ఉంటుంది. పాలు తాగిన అరగంట దాకా వద్దు, కక్కేస్తారు.

మొదటి వారాల్లో చాప కూడా అక్కర్లేదు. మీరు వెనక్కి జారబడి కూర్చుని బిడ్డని మీ గుండె మీద బోర్లా వేసుకుని మాట్లాడండి. గొంతు వినిపించిన వైపు మెల్లగా తల తిప్పుతుంది. బాలింత తల్లికి నడుం నొప్పిగా ఉంటే ఈ పని తండ్రిది. ఇంకో పద్ధతి మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్నదే. మామ్మలు కాళ్లు చాపుకుని పసిబిడ్డని వాటి మీద బోర్లా వేసి వీపుకి నూనె రాస్తారు చూడండి, అది కూడా లెక్కలోకి వస్తుంది. మర్దన ముగిశాక అలాగే ఇంకో నిమిషం ఉంచమనండి.

నేల మీద వేశాక ఏడుస్తారు. దాదాపు అందరూ ఏడుస్తారు. తువ్వాలు చుట్టచుట్టి చంకల కింద, ఛాతీ కింద పెట్టండి, చేతులు ముందుకి వచ్చేలా. మీ మొహం వాళ్ల మొహానికి ఎదురుగా, అదే ఎత్తులో ఉండాలి. మెరిసే స్టీలు పళ్లెం నిలబెడితే అందులో తన మొహమే చూసుకుంటుంది. ఫోను పెట్టి ఏడుపు ఆపాలని చెయ్యి లాగుతుంది, నాకూ లాగింది. ఏడాది లోపు పిల్లలకి తెర అసలే వద్దు. మూతి ముడుచుకుని సణుగుతుంటే ఇంకాసేపు ఉంచొచ్చు, గట్టిగా ఏడిస్తే ఎత్తుకోండి. రేపు ఇంకో పది సెకన్లు ఎక్కువ ఉంటుంది.

ఇంట్లో పెద్దవాళ్లతో

అసలు కష్టం బిడ్డతో కాదు. మా అమ్మది విజయనగరం వైపు. మొదటి రోజే మొదలుపెట్టింది: "పసిగుడ్డుని నేల మీద పడేశావేట్రా, చలవ చేసెస్తాది!" వాదించి లాభం లేదని తెలిసిపోయింది. "అమ్మా, నువ్వు పక్కన కూర్చో, చల్లగా ఉందేమో నువ్వే చూడు" అని ఆవిడకే కాపలా అప్పగించాను. కింద బొంత ఉంది, ఫ్యాను నేరుగా తగలదు, ఇక అనడానికి ఏం లేదు. వారం తిరిగేసరికి "తల ఎంత ఎత్తేసిందో చూడరా" అని నన్నే పిలిచేది. మీ ఇంట్లో కూడా నేల మీద ఆటని మామ్మ పనిగా మార్చేయండి. ఎత్తుకోవడం తప్పని చెప్పకండి, అది అబద్ధం, పైగా మనసు నొచ్చుకుంటారు.

ఉయ్యాల, బేబీ కుర్చీ, స్కూటరు మీద కట్టుకునే క్యారియరు లాంటి కదలనివ్వని వాటిలో మెలకువగా ఉన్న బిడ్డని ఒకేసారి గంటకి మించి ఉంచకూడదన్నది కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 సూచనల్లోదే.

దొర్లడం, బోర్లా పడటం: నాలుగు నుంచి ఆరు నెలలు

బోర్లా పడితే బొబ్బట్లు చేసే ఇళ్లలో ఈ నెలల్లో అందరి కళ్లూ బిడ్డ మీదే ఉంటాయి. మీరు చేయాల్సింది తక్కువ. వెల్లకిలా ఉన్నప్పుడు ఒక గిలక్కాయని కళ్ల ముందు చూపించి, నెమ్మదిగా చెవి పక్కకి, అక్కణ్ణుంచి భుజం పైకి తీసుకెళ్లండి. కళ్లు, తల, ఆ తర్వాత భుజం తిరుగుతాయి. నడుం దగ్గర ఆగిపోతే పై కాలిని మోకాలి దగ్గర వంచి అవతలి పక్కకి కొద్దిగా దాటించండి. మిగతాది బిడ్డ చేయాలి. చెయ్యి కింద ఇరుక్కుంటే వెంటనే లాగేయకండి, రెండు మూడు సార్లు గింజుకున్నాక తనే తీసుకుంటుంది. రెండు వైపులకీ ఆడించండి. ఎప్పుడూ ఒకే పక్కకి తిరుగుతుంటే గోడ వైపు, మనుషుల వైపు మార్చి పడుకోబెట్టి చూడండి.

గిలక్కాయ అంటే మనకి దగ్గర్లోనే ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్రతో చేసి, చెట్ల నుంచి తీసిన రంగులు లక్కలో కలిపి పూసే ఆ బొమ్మలకి 2017లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతానివే అని తెలిపే భౌగోళిక గుర్తింపు) వచ్చింది. కొనేటప్పుడు చిన్న పూసలు ఊడొచ్చేలా ఉన్నాయేమో గట్టిగా లాగి చూడండి. మూత బిగించిన సీసాలో గుప్పెడు పెసలు వేసినా అంతే చప్పుడొస్తుంది, నిజం చెప్పాలంటే.

దొర్లే సూచనలు కనిపించిన రోజు నుంచి పొత్తిగుడ్డల్లో బిగించి చుట్టడం మానేయాలి. మంచం మీద ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలకండి. చుట్టూ దిండ్లు పేర్చాం కదా అనుకోవద్దు.

కూర్చోవడం, పాకడం

కూర్చోబెట్టి చుట్టూ దిండ్లు పేర్చి ఫోటో తీసుకోవడం సరదాయే. రోజంతా అలా ఉంచితే మాత్రం కూర్చునే కండరాలకి పనుండదు, దిండ్లే పని చేస్తాయి. మీ కాళ్లు బార్లా చాపి మధ్యలో కూర్చోబెట్టుకోండి, ఒరిగిపోతే మీ తొడ తగులుతుంది. మొదట రెండు చేతులూ ముందుకి ఆనించి కప్పలా కూర్చుంటుంది, తర్వాత ఒక చెయ్యి వదులుతుంది. అప్పుడు ఆట వస్తువుని ఎదురుగా కాకుండా పక్కకి, కాస్త అందీ అందకుండా పెట్టండి. నడుం తిప్పి చెయ్యి చాపి, ఒరిగి, మోకాలి మీదకి రావడం అక్కడే మొదలవుతుంది. పాకడానికి దారి అదే.

మా పెద్దోడు ఆరో నెల తర్వాత నేల మీదకి దిగాడు కదా, మొదట వెనక్కి వెళ్లేవాడు. బంతి ముందుంటుంది, వాడు నెట్టుకుంటే సోఫా కిందకి జారిపోయేవాడు. కోపంతో ఏడుపు. చేతులకి బలం ముందొస్తుంది కాబట్టి చాలామంది అలాగే చేస్తారట. వాడి అరికాళ్ల వెనక మా ఆవిడ తన అరచేతులు గోడలా పెట్టింది. తన్నుకుని ముందుకొచ్చాడు. రెండు రోజుల్లో ఇక చేతులు అక్కర్లేకపోయింది.

టైల్స్ మీద పాకే పిల్లలకి సాక్సులు, నిండు పైజమాలు వేయకండి, జారుతుంది. మోకాళ్లు బయటికే ఉండాలి. కొంచెం ఎర్రబడినా ఫర్వాలేదు. పాకడం కుదిరాక దారిలో దిండ్లు అడ్డం పెట్టండి, ఎక్కి దిగుతారు. వంటింట్లో ఒక కింది అర ఖాళీ చేసి స్టీలు గిన్నెలు, చెక్క గరిటె, మూతలు వేసి ఉంచండి. అక్కడిదాకా పాకడానికి అంతకన్నా ఆశ ఇంకేం కావాలి. చప్పుడు భరించాల్సింది మీరే.

పిర్రల మీద జరుగుతూ వెళ్లేవాళ్లుంటారు, పొట్ట ఈడ్చుకుంటూ వెళ్లేవాళ్లుంటారు. రెండు పక్కలా కాళ్లూ చేతులూ ఆడుతుంటే ఏ తీరైనా సరే.

వాకర్ వద్దు, ఎందుకంటే

పెద్దోడికి వాకర్ కొన్నాం. చుట్టాల ఇంట్లో చూసి, బాగా ఆడుకుంటాడని. తొమ్మిదో నెలలో ఒక సాయంత్రం గది ఈ చివరి నుంచి ఆ చివరికి దూసుకెళ్లి స్నానాల గది ముందున్న అంగుళమంత దిగుడు దగ్గర బోల్తా పడ్డాడు. నుదురు బొప్పి కట్టింది. నేను నాలుగడుగుల దూరంలోనే ఉన్నాను. నా చెయ్యి అందలేదు. పక్కన మనిషి ఉన్నా ఆపలేనంత వేగం వాటికి ఉంటుంది. కెనడాలో 2004 నుంచి వీటి అమ్మకమే నిషేధం. పైగా నడక నేర్పదు. అందులో వేలాడుతూ మునివేళ్లతో నెడతారు, తమ బరువు తాము మోయరు, తమ పాదాలు తమకి కనిపించవు.

దాని బదులు మన పాత మూడు చక్రాల చెక్క బండి ఉంది చూడండి, పిల్లలు వెనక నిలబడి పట్టుకుని తోసేది. అందులో బరువంతా పిల్లల కాళ్ల మీదే ఉంటుంది. అయితే పట్టుకుని తమంతట తాము లేచి నిలబడటం వచ్చాకే ఇవ్వాలి. చక్రాలు మరీ జోరుగా తిరిగితే బండి మీద కిలో రెండు కిలోల బియ్యం సంచి పెట్టండి.

నిలబడటం, తప్పటడుగులు

ఇక్కడ పెద్దగా చేసేదేం లేదు. దివాన్ మీద ఇష్టమైన వస్తువు పెడితే పట్టుకుని లేస్తారు. అంచు పట్టుకుని పక్కకి నడుస్తారు. కుర్చీకీ దివాన్‌కీ మధ్య జానెడు ఖాళీ వదిలితే దాటడానికి ఒక చెయ్యి వదలాలి. రోజూ కొంచెం పెంచండి. నిలబడ్డవాళ్లకి కూర్చోవడం తెలియక ఏడుస్తారు, మోకాళ్లు మెల్లగా వంచి చూపించండి. రెండు చేతులూ పైకి పట్టి లాక్కెళ్లడం తగ్గించండి. పట్టుకోవాలంటే చంకల కిందో, నడుం దగ్గరో పట్టుకోండి. చెయ్యి పట్టి ఎత్తితే మోచేతి కీలు తప్పొచ్చు. ఇంట్లో ఒట్టి కాళ్లే మేలు. కీచు కీచుమనే చెప్పులు పెద్దవాళ్ల సరదా, పాదానికి నేల తెలియాలి.

ఎప్పుడు చూపించాలి

నాలుగో నెల దాటినా మెడ నిలవకపోవడం, తొమ్మిదో నెల దాటినా ఆసరా లేకుండా కూర్చోలేకపోవడం, 18 నెలలు నిండినా నడవకపోవడం. ఏడాదిలోపే ఎప్పుడూ ఒక చేతినే వాడి రెండోది పిడికిలి బిగించి ఉంచడం. ఒళ్లు కర్రలా బిగుసుకోవడం, లేదా గుడ్డలా వాలిపోవడం. ఇవి కనిపిస్తే "వాళ్ల నాన్న కూడా లేటుగానే నడిచాడు" అని కూర్చోకండి. అంతకుముందు వచ్చిన పని ఇప్పుడు చేయలేకపోతుంటే ఏ వయసులోనైనా ఆ వారమే తీసుకెళ్లాలి. విశాఖలోనైతే కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) పిల్లల విభాగంలో చూపించవచ్చు. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమ్) పథకం కింద ఇలాంటి పిల్లలకి ప్రభుత్వమే పరీక్షలు చేయించి ఫిజియోథెరపీకి పంపుతుంది. మీ అంగన్‌వాడీ టీచర్నో, ఏఎన్‌ఎంనో అడిగితే దారి చెప్తారు. టీకాల కోసం ఇచ్చే తల్లీబిడ్డల కార్డులోనే ఏ నెలకి ఏం రావాలో బొమ్మలతో ఉంటుంది, తీసి చూడండి.

బయటికి

నడక మొదలైన పిల్లలకి విశాఖలో ఇసుక ఉంది. పొడి ఇసుకలో అడుగు దిగబడుతుంది, పడతారు, దెబ్బ తగలదు. నీళ్ల దగ్గరి తడి ఇసుక గట్టిగా ఉంటుంది, మొదటి రోజు అక్కడ తేలిక. కానీ మన తీరంలో అల వెనక్కి లాగే జోరు ఎక్కువ, కాబట్టి అల తాకే గీతకి బాగా ఇవతలే, చెయ్యి పట్టుకుని. ఆర్కే బీచ్‌కి వెళ్తే పొద్దున్న ఆరున్నర లోపే వెళ్లండి. ఎండ ఎక్కాక ఇసుక కాలుతుంది. దించే ముందు చుట్టూ నాలుగడుగులు మీరు నడిచి గాజుపెంకులు, కుక్కల రొచ్చు లేవని చూసుకోండి. సముద్రం దూరమైతే శివాజీ పార్కులోనో, పాత సెంట్రల్ జైలు స్థలంలో వచ్చిన సెంట్రల్ పార్కులోనో గడ్డి ఉంది. మా చిన్నదానికి ఆ గడ్డి నచ్చలేదు, అరికాలికి గుచ్చుకున్నట్టుందేమో, ఒంటికాలి మీద కొంగలా నిలబడిపోయింది. రెండో వారానికి అలవాటు పడింది.

ఇంటికొచ్చాక ముందు మామూలు నీళ్లు పోయండి. మెడ మడతల్లో, తొడ సందుల్లో, కాలివేళ్ల మధ్య ఇసుక ఉండిపోతుంది. రుద్దకుండా నీళ్లతోనే జారిపోనివ్వండి, లేకపోతే సాయంత్రానికి ఒరుసుకుపోయి ఎర్రబడుతుంది.